మోల్ అంటే బరువా, సంఖ్యా, ఘనపరిమాణమా?

ముందుగా మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు చెప్తాను, తప్పుంటే సరిచేయండి. మీ బాబు ఇంటర్ ఫస్టియర్ ఎంపీసీలో చేరాడు, కాలేజీలో మోల్ భావన రెండు రోజుల్లో అయిపోయింది. వాడి నోట్సులో ఒకచోట మోల్ అంటే 6.022 × 10²³ అని, ఇంకోచోట అణుభారాన్ని గ్రాముల్లో రాస్తే మోల్ అని, మరోచోట 22.4 లీటర్లు అని ఉంది. మూడు సూత్రాలూ బట్టీ పట్టాడు గానీ లెక్క ఇస్తే ఏది వాడాలో తెలియక టెన్షన్ పడుతున్నాడు. మీరు గాజువాకలో ఉంటారు, తెలుగు మీడియంలో చదివారు, ఎవరైనా తెలుగులో చెబితే మీరే వాడిని కూర్చోబెట్టి చెప్పుకుంటానన్నారు. ఇంతకీ ఇది బరువా, సంఖ్యా, ఘనపరిమాణమా అని అడిగారు.

సంఖ్య అండీ. బరువు కాదు, ఘనపరిమాణం కాదు. పుస్తకంలో "పదార్థ పరిమాణానికి ప్రమాణం" అని ఉంటుంది, పరీక్షలో అలాగే రాయమనండి, కానీ మనసులో మాత్రం "ఇన్ని కణాలు" అనే అనుకోవాలి. మిగతా రెండూ, అంటే గ్రాములూ లీటర్లూ, అన్ని కణాలు మన చేతికి వచ్చాయో లేదో తెలుసుకునే దారులు. కణాల్ని కంటితో చూసి లెక్కపెట్టలేం కాబట్టి తూకం వేసో, వాయువైతే కొలిచో లెక్కపెడతాం. ఈ ఒక్క ముక్క వాడికి ఎక్కితే మూడు సూత్రాల గొడవ సగం తీరిపోయినట్టే.

నేను మద్దిలపాలెం దగ్గర ఇరవై ఏళ్లుగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను, అంతకు ముందు నాలుగేళ్లు ఒక ఫ్యాక్టరీ ల్యాబులో పనిచేశాను. మోల్ దగ్గర ఆగిపోయే పిల్లల్లో తెలివితక్కువ వాళ్లని నేను పెద్దగా చూడలేదు. వాళ్లకి "డజను అంటే పన్నెండు, అలాగే మోల్ అంటే 6.022 × 10²³" అని చెప్పి వదిలేస్తారు, అక్కడే వస్తుంది చిక్కు. డజను పోలిక తప్పేం కాదు. కానీ డజను అరటిపళ్లు మనం వేలు పెట్టి లెక్కపెట్టుకుంటాం, వాటి బరువుతో మనకి పని లేదు. మోల్‌లో అసలు విషయమే బరువు నుంచి సంఖ్యకి రావడం, అది డజనులో లేదు. అందుకే డజను దగ్గర మొదలుపెట్టిన పిల్లాడికి గ్రాములు ఎక్కడి నుంచి ఊడిపడ్డాయో తెలియదు.

నేను పెసలతో మొదలుపెడతాను. మీ వంటింట్లోనే చేయొచ్చు, బంగారం కొట్లో ఉండే లాంటి చిన్న డిజిటల్ కాటా ఒకటుంటే చాలు. ఒక బ్యాచ్‌కి వంద పెసలు, ఇంకో బ్యాచ్‌కి వంద శనగలు లెక్కపెట్టమంటాను. అరవై దాటాక ఎవడో ఒకడు లెక్క తప్పి మళ్లీ మొదటికొస్తాడు, పక్కవాడు నవ్వుతాడు, ఒక పెస బల్ల కింద పడిపోతుంది. చివరికి తూస్తే వంద పెసలు 4 గ్రాములు, వంద శనగలు 20 గ్రాములు అలా వస్తాయి (మీ ఇంట్లో రకాన్ని బట్టి కాస్త అటూ ఇటూ అవుతుంది). అంటే శనగ పెస కంటే ఐదు రెట్లు బరువు.

అప్పుడు అడుగుతాను: "ఈ డబ్బాలో పెసలున్నాయి, ఎన్నున్నాయో నాకూ తెలీదు, సరిగ్గా అన్నే శనగలు కావాలి, ఎలా ఇస్తారు?" కాసేపు నిశ్శబ్దం. తర్వాత ఎవరో ఒకరు పెసలు తూచి, దానికి ఐదింతలు శనగలు తూస్తే సరిపోతుందంటారు. ఒకసారి శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన ఒక పిల్లాడు "అయితే లెక్కెట్టక్కర్లేదేటి సార్?" అన్నాడు. అక్కర్లేదు. కిలో పెసలకి ఐదు కిలోల శనగలు తూస్తే రెండింట్లోనూ గింజలు సమానమే, ఎన్నో తెలియకపోయినా సమానమే. మోల్ భావనంటే ఇదే, మిగతాదంతా అంకెలు.

ఇప్పుడు పెస బదులు హైడ్రోజన్ పరమాణువు, శనగ బదులు కార్బన్ పరమాణువు పెట్టండి. కార్బన్ పరమాణువు హైడ్రోజన్ కంటే సుమారు 12 రెట్లు బరువు. కాబట్టి 1 గ్రాము హైడ్రోజన్‌లో ఎన్ని పరమాణువులుంటాయో 12 గ్రాముల కార్బన్‌లో అన్నే ఉంటాయి, 16 గ్రాముల ఆక్సిజన్‌లో అన్నే, 56 గ్రాముల ఇనుములో అన్నే. పుస్తకం వెనక పట్టికలో ఉండే పరమాణు భారాలన్నీ ఈ "ఎన్ని రెట్లు" అనే నిష్పత్తులే. ఆ నిష్పత్తి పక్కన గ్రాములు అని తగిలిస్తే ప్రతి మూలకానికీ ఒకే సంఖ్యలో పరమాణువులు వస్తాయి, ఆ సంఖ్యకి పెట్టుకున్న పేరే మోల్.

అది 6.022 × 10²³ ఎందుకయింది, గుండుగా 10²³ ఎందుకు కాలేదు అని మంచి పిల్లలు అడుగుతారు, అడగాలి కూడా. ఒక హైడ్రోజన్ పరమాణువు బరువు సుమారు 1.67 × 10⁻²⁴ గ్రాములు. అలాంటివి ఎన్ని పోగేస్తే ఒక గ్రాము అవుతుంది? 1 ని 1.67 × 10⁻²⁴ తో భాగించండి, దాదాపు 6 × 10²³ వస్తుంది. అంటే ఇది దేవుడిచ్చిన సంఖ్యేం కాదు. మనం తూకానికి గ్రాముని ఎంచుకున్నాం కాబట్టి ఇది వచ్చింది, గ్రాము బదులు తులాన్ని పట్టుకుని ఉంటే వేరే అంకె వచ్చేది.

ఇంకో ముచ్చట, ఈ 6.022 × 10²³ నే అవగాడ్రో సంఖ్య అంటారు, కానీ ఇటలీ శాస్త్రవేత్త అవగాడ్రోకే అది ఎంతో తెలియదు. ఆయన 1811లో చెప్పింది ఒకే ఉష్ణోగ్రత, ఒకే పీడనం దగ్గర సమాన ఘనపరిమాణాల వాయువుల్లో అణువులు (పరమాణువులు అతుక్కుని ఏర్పడే కణాలు) సమానంగా ఉంటాయని మాత్రమే. 1856లో ఆయన పోయాక, 1865లో లోష్మిట్ అనే శాస్త్రవేత్త అణువుల పరిమాణం అంచనా కట్టాకే ఈ సంఖ్య ఎంత పెద్దదో లోకానికి తెలియడం మొదలైంది, 1909లో పెరిన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త దానికి అవగాడ్రో పేరు పెట్టాడు. ఈలోగా రసాయన శాస్త్రవేత్తలు పరమాణు భారాలు కట్టారు, ఫార్ములాలు రాశారు, ఎన్ని గింజలున్నాయో తెలియకుండానే పెసలూ శనగలూ తూచుకుంటూ పని నడిపించేశారు.

నిర్వచనం గురించి ఒక మాట. పాత పుస్తకాల్లో "12 గ్రాముల కార్బన్-12లో ఉండే పరమాణువుల సంఖ్య" అని ఉంటుంది. 2019 మే 20 నుంచి మోల్ అంటే కచ్చితంగా 6.02214076 × 10²³ కణాలు అని నిర్ణయించేశారు, ఇప్పుడది కార్బన్ మీద ఆధారపడదు. స్కూలు లెక్కల్లో దీనివల్ల తేడా ఏమీ రాదు, నోట్సులో రెండూ కనిపిస్తే కంగారు పడొద్దని చెప్పండి.

ఆ సంఖ్య ఎంతో ఊహకి అందాలంటే ఒకటి చెబుతాను. 180 మిల్లీలీటర్ల గ్లాసు నీళ్లు తీసుకెళ్లి ఆర్కే బీచ్‌లో పోశారనుకోండి. 18 గ్రాముల నీళ్లు ఒక మోల్ కాబట్టి ఆ గ్లాసులో 10 మోల్‌ల నీళ్లున్నాయి, అంటే 6 × 10²⁴ అణువులు. అవి ప్రపంచంలోని సముద్రాలన్నింట్లోనూ సమానంగా కలిసిపోయే దాకా ఆగి, ఆ తర్వాత ఏ దేశపు ఒడ్డున అయినా అదే గ్లాసు ముంచితే, అందులో మీరు పోసిన అణువులు సుమారు 800 ఉంటాయి. సముద్రాల్లో నీరు దాదాపు 1.3 × 10²¹ లీటర్లు, దాన్ని 0.18తో భాగిస్తే ఎన్ని గ్లాసులో తెలుస్తుంది, ఆ సంఖ్యతో 6 × 10²⁴ ని భాగిస్తే ఈ 800 వస్తుంది. పిల్లాడి చేతే చేయించండి, ఘాతాంకాల ప్రాక్టీసు కూడా అవుతుంది.

ఇక లెక్కల సంగతి. వైజాగ్ వాళ్లకి నేను చెప్పే పోలిక: మోల్ అంటే ఆర్టీసీ కాంప్లెక్స్. గాజువాక నుంచి వచ్చినా, సింహాచలం నుంచి వచ్చినా, భీమిలి నుంచి వచ్చినా కాంప్లెక్స్‌లో దిగి బస్సు మారండి. గ్రాముల ఊరి నుంచి లీటర్ల ఊరికి డైరెక్ట్ బస్సు లేదు, లీటర్ల నుంచి అణువుల సంఖ్యకీ లేదు. ముందు మోల్‌లోకి రావాలి, అక్కడి నుంచి ఎక్కడికి కావాలంటే అక్కడికి పోవచ్చు. మీవాడు బట్టీ పట్టిన మూడు సూత్రాలూ కాంప్లెక్స్‌కి వచ్చే మూడు రోడ్లు, అంతే.

గ్రాముల్ని మోలార్ ద్రవ్యరాశితో (అంటే ఒక మోల్ ఎన్ని గ్రాములో దానితో) భాగిస్తే మోల్‌లు. వాయువు లీటర్లని ఎస్‌టీపీ (ప్రామాణిక ఉష్ణోగ్రత, పీడనం) దగ్గర 22.4తో భాగిస్తే మోల్‌లు. కణాల సంఖ్యని 6.022 × 10²³ తో భాగిస్తే మోల్‌లు. లోపలికి రావాలంటే భాగించాలి, బయటకి పోవాలంటే గుణించాలి. ఏది వాడాలి అన్న టెన్షన్‌కి మందు ఇదొక్కటే: ప్రశ్నలో ఇచ్చినది ఏ ఊరిదో చూడు, ఆ రోడ్డు మీదే లోపలికి రా.

ఒకటి చేసి చూపిస్తాను. 11 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ ఇచ్చారు. మోలార్ ద్రవ్యరాశి కార్బన్‌ది 12, రెండు ఆక్సిజన్‌లవి 32, కలిపి 44. 11ని 44తో భాగిస్తే 0.25 మోల్. ఇప్పుడు కాంప్లెక్స్‌లో ఉన్నాం. ఎన్ని అణువులు అంటే 0.25 × 6.022 × 10²³, అంటే 1.5055 × 10²³. ఎస్‌టీపీ దగ్గర ఎన్ని లీటర్లు అంటే 0.25 × 22.4, అంటే 5.6. మొత్తం పరమాణువులెన్ని అంటే ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అణువుని ఆటో అనుకోండి, పరమాణువుల్ని చక్రాలనుకోండి. వంద ఆటోలకి మూడు వందల చక్రాలు. కార్బన్ డయాక్సైడ్‌లో కూడా అణువుకి మూడు పరమాణువులే కాబట్టి 0.25 మోల్ అణువులకి 0.75 మోల్ పరమాణువులు, ఆక్సిజన్ పరమాణువులు మాత్రమే అడిగితే 0.5 మోల్.

పరీక్షలో క్యాలిక్యులేటర్ ఉండదు కాబట్టి 6.022 × 10²³ ని మొదటి లైన్ నుంచే మోసుకురావద్దని చెప్పండి. చివరి దాకా మోల్‌లలోనే నడిచి ఆఖర్న ఒక్కసారి గుణిస్తే తప్పులు సగానికి సగం తగ్గుతాయి. వచ్చిన జవాబు మొహం కూడా చూడాలి. ఒక గ్రాములో పరమాణువులెన్ని అంటే 3 × 10⁻²³ అని రాసిన పేపర్లు నేను ఎన్నో దిద్దాను, అంటే ఆ గ్రాములో ఒక్క పరమాణువు కూడా పూర్తిగా లేదన్నమాట!

22.4 దగ్గర మాత్రం కాస్త జాగ్రత్త. అది వాయువులకే, అదీ 0 డిగ్రీల సెల్సియస్, 1 అట్మాస్ఫియర్ పీడనం దగ్గరే. మా క్లాసులో ఒకమ్మాయి, బాగా చదివే పిల్లే, 18 గ్రాముల నీళ్ల ఘనపరిమాణం 22.4 లీటర్లు అని రాసింది. నేనేం అనకుండా దగ్గు మందు మూత ఒకటి తెచ్చి, అందులో 10 మిల్లీలీటర్ల గీత దాకా ఒకసారి, ఇంకోసారి 8 దాకా నీళ్లు పోసి గ్లాసులో వేశాను. గ్లాసు అడుగు తడిసింది, అంతే. "ఇదే ఒక మోల్ నీళ్లు, ఇరవై లీటర్ల వాటర్ క్యాన్ కంటే ఎక్కువా?" అన్నాను. ఆ తర్వాత ఆ పిల్ల ఆ తప్పు చేయలేదు. ద్రవమైతే, ఘనమైతే గ్రాముల రోడ్డు మీదే రావాలి, 22.4 రోడ్డుకి పోకూడదు.

పైగా 0 డిగ్రీలంటే మన ఊళ్లో ఎప్పుడుంటుంది? చలికాలంలో తెల్లవారుజామున లంబసింగిలో దగ్గరదాకా వస్తుందేమో గానీ, అక్కడ కొండ ఎత్తు వల్ల పీడనం తగ్గిపోతుంది, ఎస్‌టీపీ అక్కడా కుదరదు. వైజాగ్‌లో మామూలుగా ఉండే 30 డిగ్రీల దగ్గర ఒక మోల్ వాయువు సుమారు 24.9 లీటర్లు పడుతుంది. ఇంకో తికమక: కొత్త నిర్వచనంలో ఎస్‌టీపీ పీడనం 1 బార్, దాని ప్రకారం 22.7 లీటర్లు. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి పుస్తకంలో 22.7 కనిపిస్తుంది, చాలా మోడల్ పేపర్లలో ఇంకా 22.4 నడుస్తోంది. ప్రశ్నలో 1 బార్ అని ఉంటే 22.7, అట్మాస్ఫియర్ అని ఉంటే 22.4, ఏదీ చెప్పకపోతే 22.4 వేసి "1 అట్మాస్ఫియర్ దగ్గర" అని పక్కన రాసేయమనండి.

సమీకరణాల లెక్కలకి వద్దాం, మార్కులు ఎక్కువ పోయేది ఇక్కడే. తుల్య సమీకరణంలో (రెండు వైపులా పరమాణువులు సరిపోయేలా రాసినదాంట్లో) ముందుండే అంకెలు మోల్‌ల నిష్పత్తి, గ్రాముల నిష్పత్తి కాదు. రెండు హైడ్రోజన్‌లకి ఒక ఆక్సిజన్ అంటే 2 గ్రాములకి 1 గ్రాము అనుకుని చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లో ఉంటారు. అలా అనుకోవడం ఎంత సహజమో నాకు తెలుసు, ఎందుకంటే వంటలో కొలతలు అలాగే ఉంటాయి, రెండు గ్లాసుల బియ్యానికి ఒక గ్లాసు పప్పు. కానీ ఇక్కడ గింజకి గింజ లెక్క, గ్లాసుకి గ్లాసు కాదు.

మీరు గాజువాకలో ఉన్నారు కాబట్టి ఉక్కు ఫ్యాక్టరీ లెక్కే చేద్దాం. బైలదిల్లా గనుల నుంచి కొత్తవలస-కిరండోల్ రైలు మార్గంలో ఇనుప ఖనిజం వైజాగ్ వస్తుంది కదా, అందులో ముఖ్యమైనది హెమటైట్, రెండు ఇనుము పరమాణువులకి మూడు ఆక్సిజన్ పరమాణువులు. మోలార్ ద్రవ్యరాశి రెండు 56లు 112, మూడు 16లు 48, కలిపి 160. బ్లాస్ట్ ఫర్నేస్‌లో కార్బన్ మోనాక్సైడ్ ఆ ఆక్సిజన్‌ని లాక్కుపోతుంది: ఒక మోల్ హెమటైట్, 3 మోల్‌ల కార్బన్ మోనాక్సైడ్ కలిస్తే 2 మోల్‌ల ఇనుము, 3 మోల్‌ల కార్బన్ డయాక్సైడ్. అంటే 160 గ్రాములకి 112 గ్రాముల ఇనుము. గ్రాములైనా టన్నులైనా నిష్పత్తి మారదు కాబట్టి ఒక టన్ను ఇనుము రావాలంటే 160ని 112తో భాగించండి, దాదాపు 1.43 టన్నుల శుద్ధమైన హెమటైట్ కావాలి. నిజం ఖనిజంలో మట్టీ ఇసకా ఉంటాయి కాబట్టి అంతకంటే ఎక్కువే పడుతుంది. "శుద్ధత 80 శాతం" అని ప్రశ్నలో ఇస్తారే, అది ఇందుకే.

గుల్ల సున్నం కూడా ఇలాంటిదే. తీరంలో గుల్లలు ఏరి బట్టీల్లో కాల్చి సున్నం చేసేవాళ్లు. గుల్ల అంటే దాదాపు కాల్షియం కార్బొనేట్, మోలార్ ద్రవ్యరాశి 100. కాలిస్తే 56 సున్నం మిగులుతుంది, 44 కార్బన్ డయాక్సైడ్ అయి గాల్లో కలిసిపోతుంది. వంద కిలోల గుల్లలు వేస్తే 56 కిలోలే చేతికొస్తుంది, మిగతా 44 కిలోలు ఎవరూ ఎత్తుకుపోలేదు.

దీనికి ఉల్టా మీ వంటింట్లో ఉంది. గ్యాస్ సిలిండర్‌లో 14.2 కిలోలుంటుంది. అదంతా బ్యూటేన్ అనుకుందాం (నిజానికి ప్రొపేన్ కూడా కలిసి ఉంటుంది), మోలార్ ద్రవ్యరాశి 58. 14,200ని 58తో భాగిస్తే సుమారు 245 మోల్‌లు. ఒక్కో బ్యూటేన్ అణువులో నాలుగు కార్బన్‌లుంటాయి కాబట్టి మండితే నాలుగు కార్బన్ డయాక్సైడ్‌లు, అంటే 980 మోల్‌లు. దాన్ని 44తో గుణిస్తే 43 కిలోలు! పద్నాలుగు కిలోల గ్యాస్ నుంచి నలభై మూడు కిలోలు ఎలా వచ్చిందని పిల్లలు నా మీద పడతారు, లెక్క తప్పంటారు. ఆ అదనపు బరువంతా గాల్లోంచి వచ్చిన ఆక్సిజన్‌ది. ఈ ఒక్క లెక్క సొంతంగా చేసిన పిల్లాడికి సమీకరణాల భయం చాలావరకు పోతుందని నా అనుభవం.

రెండు పదార్థాల బరువులూ ఇచ్చి ఎంత తయారవుతుంది అని అడిగితే, ఏది ముందు అయిపోతుందో చూడాలి. 10 గ్రాముల హైడ్రోజన్, 64 గ్రాముల ఆక్సిజన్ ఇచ్చారనుకోండి. హైడ్రోజన్ 5 మోల్‌లు, ఆక్సిజన్ 2 మోల్‌లు. 2 మోల్‌ల ఆక్సిజన్‌కి 4 మోల్‌ల హైడ్రోజన్ చాలు, మన దగ్గర 5 ఉంది, కాబట్టి ఆక్సిజనే ముందు అయిపోతుంది. తయారయ్యే నీళ్లు 4 మోల్‌లు, 72 గ్రాములు. హైడ్రోజన్ 1 మోల్, అంటే 2 గ్రాములు మిగిలిపోతుంది. ఇప్పుడు సరిచూసుకోవాలి: పెట్టింది 74, వచ్చింది 72, మిగిలింది 2, సరిపోయింది. ఈ చివరి లైన్ ప్రతి లెక్కకీ చేయించండి. నిమిషం కూడా పట్టదు. బరువు తక్కువున్నదే ముందు అయిపోతుందనుకోవడం ఇక్కడ మామూలుగా చేసే పొరపాటు, ఈ లెక్కలో 64 గ్రాములున్నదే ముందు అయిపోయింది చూడండి.

ప్రశ్నల్లో ఇంకో మెలిక ఉంటుంది, "ఒక మోల్ ఆక్సిజన్" అని ఊరుకుంటారు. పరమాణువులా, అణువులా? పరమాణువులైతే 16 గ్రాములు, అణువులైతే 32. ఆక్సిజన్ వాయువు అంటే అణువులే కాబట్టి 32. ఏ కణాల మోల్ అన్నది చెప్పకుండా మోల్ అంటే "కిలో ఇవ్వు" అని చెప్పి ఏం కావాలో చెప్పకుండా కొట్టు ముందు నిలబడినట్టుంటుంది. ప్రతి మోల్ పక్కనా కణం పేరు రాసే అలవాటు చేయించండి.

ఈ విషయంలో నేనేదో తెలివైనవాడినని చెప్పుకోవడం లేదు. ల్యాబులో చేరిన కొత్తలో ఆగ్జాలిక్ ఆమ్లం ద్రావణం చేయమన్నారు, లీటరుకి 0.05 మోల్ ఉండాలి. నాకు కాలేజీలో నేర్చుకున్న ఫార్ములా గుర్తుంది, మోలార్ ద్రవ్యరాశి 90, కాబట్టి 4.5 గ్రాములు. జాగ్రత్తగా తూచాను, గరాటు కడిగిన నీళ్లు కూడా ఫ్లాస్కులో పోశాను, గీత దగ్గర కళ్లు పెట్టి చూసి మరీ నింపాను. దాంతో పొద్దుటి నుంచి సోడియం హైడ్రాక్సైడ్ టైట్రేషన్లు చేశాం, అంటే ఈ ఆమ్లం ఎంత పడుతుందో చూసి ఆ క్షారం గాఢత కట్టడం. సాయంత్రం సీనియర్ ఒకాయన అంకెలు చూసి, సీసా తెచ్చి లేబుల్ నా ముందు పెట్టాడు. అందులో 126 అని ఉంది. ఆ స్ఫటికాల్లో ఒక్కో ఆమ్ల అణువుకి రెండు నీటి అణువులు అతుక్కుని ఉంటాయి, 90కి 36 కలపాలి. తూయాల్సింది 6.3 గ్రాములు. నా ద్రావణంలో ఉండాల్సినదాంట్లో 71 శాతమే ఉంది, దాన్ని నమ్ముకుని కట్టిన క్షారం గాఢత అసలుకంటే 1.4 రెట్లు ఎక్కువ వచ్చింది. ఆ రోజు పనంతా మర్నాడు మళ్లీ చేశాం. ఆయన తిట్టలేదు గానీ, తిట్టి ఉంటే బాగుండేదనిపించింది. మీ బాబుకి ప్రాక్టికల్స్‌లో ఇదే ఆమ్లం వస్తుంది, సీసా మీది అంకె చూసి తూయమనండి.

ప్రాక్టీసు ఎలా అని కూడా అడిగారు. రోజుకి యాభై లెక్కలు వద్దు. పరమాణు భారాలు మాత్రం కంఠతా రావాలి, దీనికి దొడ్డిదారి లేదు: హైడ్రోజన్ 1, కార్బన్ 12, నైట్రోజన్ 14, ఆక్సిజన్ 16, సోడియం 23, మెగ్నీషియం 24, అల్యూమినియం 27, సల్ఫర్ 32, క్లోరిన్ 35.5, పొటాషియం 39, కాల్షియం 40, ఇనుము 56, రాగి 63.5. క్లోరిన్‌కి ఆ అర ఎందుకొచ్చిందంటే, 35 రకం, 37 రకం సుమారు మూడింటికి ఒకటి చొప్పున కలిసి ఉంటాయి, ఆ సగటు అది. మన పెసల్లో కూడా అన్నీ ఒకే బరువుండవు, వంద తూచి సగటు తీశాం కదా, అలాగే.

మొదటి వారం ఒక్క కాంప్లెక్స్‌కి రావడమే చేయించండి, అంటే ఏమిచ్చినా మోల్‌లోకి మార్చడం, ఇంకేం అడగొద్దు. రెండో వారం బయటకి పోవడం. సమీకరణాలు మూడో వారంలోనే. ప్రమాణాలు ప్రతి లైన్‌లోనూ రాయమనండి, గ్రాములూ గ్రాములూ కొట్టేసుకుపోయి మోల్ మిగిలితే దారి సరైనదే, చివర్లో ఏ వింత ప్రమాణమో మిగిలితే గుణించాల్సినచోట భాగించాడన్నమాట. కాలేజీలో రెండు రోజుల్లో అయిపోయిందని బాధపడకండి, చాలాచోట్ల అంతే, సిలబస్ పరుగు అలాంటిది.

మొదటి రోజుకి ఇది ఇవ్వండి. కిలో ఉప్పు ప్యాకెట్ చేతిలో పెట్టి, ఇందులో ఎన్ని మోల్‌ల సోడియం క్లోరైడ్ ఉందని అడగండి. మోలార్ ద్రవ్యరాశి 58.5 అని వాడే కట్టాలి. 17 చిల్లర వస్తే సరే. 58,500 అని వస్తే పెసలూ శనగలూ తీయండి.